ఊరికే తిరగని చక్రం

నా సైకిలుకి టికటిక లేదు.
తొక్కడం మానేసినా బండి తన పాటికి తాను పోతుంటే
వెనక చక్రంలో కీచురాయి కూస్తుందే,
ఆ చప్పుడు లేదు.
చక్రం తిరిగినంతసేపూ పెడలు తిరగాల్సిందే,
పెడలు తిరిగినంతసేపూ నా కాళ్ళు.

పాత ఫ్రీవీలు పళ్ళరిగి జారిపోతుంటే
స్టోన్‌హౌస్‌పేట కాలేషా
రేకు డబ్బాలో చెయ్యి పెట్టి తీశాడు దీన్ని.
సర్కసోళ్ళదంట. డేరా ఎత్తేసి పోతా పోతా
రిపేరు బాకీ కింద ఇచ్చిపోయారంట.
"దీనికి ఊరికే పోవడం తెలీదు పాపా.
ముందు బ్రేకు మటుకు పీకబాక.
కాళ్ళతోనే ఆపేస్తామని బడాయి పోయినోళ్ళు
మోకాళ్ళు పట్టుకోని వచ్చారు నా కాడికి."

మొదటిరోజు మద్రాసు బస్టాండు ముందర
అలవాటుగా కాళ్ళు ఆపాను.
ఆపిన కాలిని పెడలు ఎత్తి కుదేసింది.
వెనక క్యారేజీ మీద ఐసు డబ్బాలో
ఏడుగురి పరగడుపు రక్తం
గొట్టాల్లో ఉలిక్కిపడింది.
పొగతోట ల్యాబులో ఒకటి చిట్లిపోయిందన్నారు.
మూలాపేట దశయ్య మాస్టారు
కాఫీ గ్లాసు పక్కకి జరిపి
రెండో చెయ్యి చాపారు, ఏమీ అనకుండా.
ఆ రెండో సూదిపోటు
ఇంకా నా అరికాళ్ళలో ఉంది.

ఇప్పుడు చున్నీ నడుముకి రెండు ముళ్ళు.
ఈ చైను ఒకసారి గుడ్డ రుచి చూస్తే
వేలు దాకా నమిలేదాకా ఆగదు.
కుడికాలి పాంటుకి రబ్బరు పట్టీ,
నరం దొరకడానికి జబ్బకి కట్టేదే.

ట్రంకు రోడ్డుని దూరం నించే చదువుకుంటా వస్తాను.
ఆటో ఎటు పోతుందో లైటు చెప్పదు,
డ్రైవరు బయటికి పెట్టిన కాలు చెబుతుంది.
ఆగి ఉన్న కారులో తల కదిలిందా,
తలుపంత దూరం జరుగుతాను.
బస్సుకీ ఫుట్‌పాతుకీ మధ్య సందు
ఎంత ఖాళీగా పిలిచినా
అది నాది కాదు.
మలుపులో వాలితే లోపలి పెడలు రోడ్డుని గీరుతుంది,
పైకెత్తి పట్టుకుందామంటే ఈ బండి పట్టుకోనివ్వదు.
అందుకే మలుపు కన్నా ముందే
నా నిదానం మొదలవుతుంది.

ఆత్మకూరు బస్టాండు అండర్‌బ్రిడ్జిలోకి
అందరూ కాళ్ళు ఆపి, చొక్కాల్లో గాలి నింపుకుని దిగుతారు.
నాకు దిగుడే బరువు.
దిగుడులో నేను సైకిలు తొక్కను,
సైకిలే నన్ను తొక్కుతుంది.
ముందు బ్రేకు సగం,
కాళ్ళు వెనక్కి వెనక్కి నొక్కుతూ
పగ్గం తెంచుకునే దూడని పట్టుకున్నట్టు.
పైన రైలు. కింద రాత్రి వాన.
నీళ్ళ కింద ఉన్న గుంతని
నిన్న ఎండలోనే చూసిపెట్టుకున్నాను.
ఎక్కుడులో మాత్రం
అలిసిన కాలిని చక్రమే ఎత్తి
పైకి అందిస్తుంది.

వి.ఆర్.సి. సెంటర్లో ఎర్రలైటు.
పాదం దించకుండా
అంగుళం ముందుకి, అంగుళం వెనక్కి,
ఊపిరి పీల్చినంతే కదలిక.
డబ్బాలో గొట్టాలు నిద్ర లేవవు.
గొడుగు కింద కానిస్టేబులు
"ఏందమ్మా, సర్కసా?" అన్నాడు.
"చక్రం వాళ్ళదే సార్" అన్నాను.
నమ్మలేదు. పచ్చలైటు పడింది.

ఈ నెల మళ్ళీ మూలాపేట.
మాస్టారు ఎడమ చొక్కా చెయ్యి మడిచి
కుడిదాని బొత్తాం విప్పబోయి ఆగారు.
"ఒక్కటి చాలా అమ్మాయ్?"
"చాలండీ. తిన్నాక రెండు గంటలకి మళ్ళీ వస్తా."
లోపల కాఫీ కాగుతున్న వాసన.

మెట్లు దిగి, డబ్బా బిగించి,
ముందు బ్రేకు
ఒకసారి నొక్కి చూసుకున్నాను.